మైనరు బాబుకి మోకాళ్ల నొప్పులు

పాతకారు వయసు తెలుసుకోవాలంటే బానెట్టు చూస్తే చాలు. ఆరోగ్యం తెలుసుకోవాలంటే అలా కుదరదు. గోనెపట్టా పరుచుకుని, నేలమీద వెల్లకిలా పడుకుని, ముందుచక్రం వెనకాల ఏముందో టార్చిలైటు వేసి చూడాలి. పాతకార్ల మోజున్నవాళ్లలో నూటికి తొంభైమంది ఈ రెండోపని చేయరు. రంగు వేయిస్తారు, సీట్లకి తోలు కుట్టిస్తారు, దీపాల చుట్టూ ఉన్న నికెలు తళతళలాడేదాకా తోమిస్తారు. పెళ్లి ఊరేగింపులకీ ఫొటోలకీ అంతకన్నా అక్కర్లేదు కూడా. కానీ కారంటే కదిలేది. అది కదిలినప్పుడు దాని బరువూ, అందులో కూర్చున్నవాళ్ల ప్రాణాలూ ఏ ముక్కమీద ఆధారపడి ఉన్నాయో తెలియాలంటే మాత్రం మోకాళ్లమీద వంగాల్సిందే.

రాజమండ్రిలో ఉండే ఒక లెక్కల మాస్టారికి ఆ సంగతి 2022లో తెలిసింది. మోకాళ్ల నొప్పులున్న మనిషి కావడంతో ఇంకాస్త బాగా తెలిసింది.

డాక్టరుగారి బండి

ఆయన దగ్గరున్నది 1954 నాటి మోరిస్ మైనర్. రెండు ముక్కల ముందద్దం, బొద్దుగా బుగ్గల్లాంటి మడ్‌గార్డులు, 803 సీసీ ఇంజను. కోనసీమలో డాక్టరీ చేసిన ఆయన తండ్రి 1956లో మద్రాసు వెళ్లి సెకండ్‌హ్యాండులో కొన్నారు. అర్ధరాత్రి పురుడు కబురొస్తే కాలవగట్టు మీద ఆ బండే వెళ్లేది. దారిలో ఎదురైనవాళ్లు ‘మైనరు బాబొస్తున్నాడు’ అని పక్కకి తప్పుకునేవాళ్లట. కారు పేరునిబట్టి అన్నారో, తెల్లపంచె కట్టుకుని దాన్ని నడిపే డాక్టరుగారి దర్జానిబట్టి అన్నారో గానీ ఆ పేరు బండికే స్థిరపడిపోయింది.

డాక్టరుగారు పోయాక బండి పాతికేళ్లు పెంకుటింటి వసారాలో ఉండిపోయింది. కోళ్లు గుడ్లు పెట్టాయి. ఎలుకలు సీట్లు కొట్టేశాయి. మాస్టారు 2014లో రిటైరయ్యాక దాన్ని రాజమండ్రి తెచ్చుకుని, రెండేళ్లపాటు ఒక్కో ముక్కా కూర్చి కదిలించారు. ఇంజను పాడింది. దీపాలు వెలిగాయి. బండి బాగైపోయిందనే అందరూ అనుకున్నారు.

2022 సంక్రాంతికి హైదరాబాదు నుంచి కూతురూ మనవడూ వచ్చారు. పిల్లాణ్ని ముందుసీట్లో కూర్చోబెట్టుకుని మాస్టారు గోదావరి మీది రోడ్డు కమ్ రైలు వంతెన దాటి కొవ్వూరు వెళ్లొచ్చారు. 1974లో కట్టిన పొడవాటి వంతెన అది. రోడ్డు పైన, రైలు కింద. పిట్టగోడ అవతల గోదావరి. తిరిగొచ్చాక పిల్లాడు దిగి లోపలికి పరిగెత్తాడు. మాస్టారు బండిని షెడ్డులోకి రివర్సు చేస్తూ స్టీరింగు పూర్తిగా కోశారు. టప్‌మని శబ్దం! కారు ఎడమవైపు ముందుకి ఒరిగింది. దిగి చూస్తే ముందుచక్రం మడ్‌గార్డు కిందకి పడుకుని ఉంది, కాలు విరిగిన గేదెలాగ.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రపట్టలేదు. పది నిమిషాల ముందు ఆ చక్రం వంతెన మీద ఉంది.

‘‘నాన్నా, తాతయ్య జ్ఞాపకమని నువ్వంటున్నావు. నా కొడుకు అందులో కూర్చున్నాడని నేనంటున్నాను’’ అంది కూతురు. గొంతు పెంచలేదు. అందుకే మాస్టారికి జవాబు దొరకలేదు.

మాస్టారి భార్య మాత్రం తనదైన ధోరణిలో ‘‘ఈ ఇంట్లో మోకాలు పట్టేసింది దానికొక్కదానికేనా? నాకూ పట్టేసింది. నన్నెవరూ జాకీ పెట్టి లేపలేదు’’ అన్నారు.

తడిబట్ట పిండినట్టు

అసలు ఏం విరిగింది? అది అర్థం కావాలంటే ఆ కారును గీసినాయన గురించి కాస్త చెప్పుకోవాలి.

అలెక్ ఇసిగోనిస్ పుట్టింది ఇప్పటి టర్కీలో ఉన్న స్మిర్నాలో, 1906లో. ఇంగ్లండు చేరి మోరిస్ కంపెనీలో డిజైనరయ్యాడు. 1959లో ప్రపంచం మెచ్చిన మినీ కారు కూడా ఆయనదే. అంతకు ముందు, 1948 అక్టోబరులో, లండన్ మోటారు ప్రదర్శనలో బయటపెట్టిన మోరిస్ మైనర్‌తోనే ఆయన పేరు నిలిచింది. నమూనా తయారయ్యాక బండి మరీ సన్నగా ఉందనిపించి, దాన్ని నిలువునా రెండుగా కోయించి, కంటికి ఇంపుగా కనిపించేదాకా రెండు సగాలనీ జరిపించాడు. లెక్క 4 అంగుళాల దగ్గర ఆగింది. అప్పటికే బంపర్లు తయారైపోవడంతో తొలి బండ్లకి బంపరు మధ్యలో 4 అంగుళాల అతుకు వేశారు. కంపెనీ యజమానికి మాత్రం ఈ కారు పోచ్‌డ్ కోడిగుడ్డులా కనిపించిందట. ఆ కోడిగుడ్డే బ్రిటన్‌లో 10 లక్షలు దాటిన తొలి కారైంది. 1971లో ఆపేసేనాటికి మొత్తం 16 లక్షల దాకా తయారయ్యాయి.

జనం దాన్ని అంతగా ఇష్టపడడానికి ఒక కారణం ముందు సస్పెన్షను. ఆ రోజుల్లో చిన్నకార్లు చాలావాటికి ఎడ్లబండికున్నట్టు ముందు ఒకటే ఇరుసు, దానికి కమాను పట్టీలు. ఎడమచక్రం గోతిలో పడితే కుడిచక్రం కూడా ఊగుతుంది. ఇసిగోనిస్ రెండు చక్రాల్నీ విడదీశాడు. ఒకదాని గొడవ ఇంకోదానికి అంటకుండా చేశాడు. కమాన్ల బదులు కారు అడుగున ముందు నుంచి వెనక్కి రెండు ఉక్కు కడ్డీలు పరిచాడు. వాటినే టార్షన్ బార్లు అంటారు.

తడిబట్ట పిండడం చూశారు కదా? ఒక కొస ఒకరు గట్టిగా పట్టుకుంటే రెండో కొస ఇంకొకరు తిప్పుతారు. వదిలేస్తే బట్ట మళ్లీ విచ్చుకుంటుంది. ఇదీ అంతే. కడ్డీ వెనక కొస కారు అడుగున బిగించి ఉంటుంది. ముందు కొస చక్రాన్ని పట్టుకున్న కిందచేతిలో ఉంటుంది. చక్రం గట్టెక్కితే చెయ్యి పైకి లేస్తుంది, కడ్డీ మెలి తిరుగుతుంది. గట్టు దిగగానే మెలి విడిపోతుంది. ఇంతే స్ప్రింగు. తర్వాత మనదేశంలో ఊరూరా తిరిగిన అంబాసిడర్‌కి తల్లి మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అందులోనూ ముందు ఈ టార్షన్ బార్లే. అంటే మనలో చాలామంది ఈ మెలి మీద ఊగుతూ పెరిగినవాళ్లమే.

మరి చక్రం పక్కకి తిరగాలి కదా? దానికొక నిలువు పిన్ను. ఆ పిన్నుకి పైనా కిందా మరలు. ఆ మరల మీద బోల్టుకి నట్టు ఎక్కినట్టు రెండు టోపీలు ఎక్కి ఉంటాయి. వాటిని ట్రనియన్లంటారు. స్టీరింగు తిప్పినప్పుడల్లా పిన్ను ఈ మరల్లోనే తిరుగుతుంది. కిటుకంతా కింది ట్రనియన్‌లో ఉంది. టార్షన్ బారు దాన్ని కిందకి నెడుతుంటుంది, చక్రం పిన్నుని పైకి నెడుతుంటుంది. అంటే కారు ముందుభాగం బరువులో ఒక పక్కది మొత్తం ఆ మర పట్టు మీద వేలాడుతుందన్నమాట. గ్రీజు ఉన్నన్నాళ్లూ ఏ బాధా లేదు. గ్రీజు ఎండిపోతే ఉక్కు ఉక్కుని తింటుంది. మర అరిగి అరిగి చివరికి పట్టు తప్పుతుంది. స్టీరింగు పూర్తిగా కోసి, మెల్లగా నడిపేటప్పుడే తరచు అలా జరుగుతుంది. మైనర్లున్న దేశాలన్నింటిలోనూ ఈ జబ్బు అందరికీ తెలిసిందే.

ఆటోనగర్‌లో ఒక చెయ్యి

ఊళ్లో ఇద్దరు మెకానిక్కులు చూసి చేతులెత్తేశారు. మూడోవాడు ‘‘అరిగిన మర మీద వెల్డింగు పోసి, లేత్ మీద కొత్త మర కోయించేద్దాం సార్, రెండ్రోజుల పని’’ అన్నాడు. మాస్టారికి ఎందుకో మనసొప్పలేదు. చివరికి బండిని లారీ ఎక్కించి విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లారు.

లారీలకి బాడీలు కట్టే సుత్తి చప్పుళ్ల మధ్య, ఒక రేకుల షెడ్డులో, డెబ్భై దాటిన మేస్త్రి ఒకాయన ఉన్నారు. పన్నెండో ఏట ల్యాండ్‌మాస్టర్ కింద దూరి పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు షెడ్డు ముందుభాగంలో కొడుకు కొత్తకార్లకి సీటు కవర్లూ మ్యూజిక్ సిస్టాలూ బిగిస్తాడు. వెనకభాగం ఈయనది. అందులో పని నెలకొకటి వస్తే ఎక్కువ.

మేస్త్రి ముందు చక్రం ముట్టుకోలేదు. గ్రీజు నిప్పిల్ దగ్గర వేలుపెట్టి వాసన చూశారు. ‘‘గ్రీజు కొట్టారండి. లోపలికెళ్లలేదు, అంతే’’ అన్నారు.

మాస్టారు ఆశ్చర్యపోయారు. నిజంగానే ఊళ్లో ఒక సర్వీసింగ్ షెడ్డులో ప్రతిసారీ గ్రీజు కొట్టించారు. బిల్లులు కూడా ఉన్నాయి.

‘‘బండిని జాకీ మీద లేపి కొట్టారా, నేలమీదే ఉంచి కొట్టారా?’’

నేలమీదే. గోతిలో మనిషి దిగి కింద నుంచి కొట్టాడు.

‘‘అదండీ సంగతి. చక్రం నేలమీదున్నప్పుడు మర ఒకవైపు బిగబట్టి ఉంటది. బరువు మోసే వైపుకే గ్రీజు కావాలి, ఆ వైపుకే దారి ఉండదు. చక్రం గాల్లో వేలాడితే మర వదులవుతది. అప్పుడు కొట్టాలి. పాత గ్రీజు నల్లగా బయటికొచ్చి, ఎనకమాల కొత్తది తెల్లగా కనపడిందాకా కొట్టాలి.’’

మాస్టారికి హఠాత్తుగా చిన్నప్పటి ఆదివారాలు గుర్తొచ్చాయి. నాన్నగారు బండికి జాకీ పెట్టి, చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ గ్రీజు గన్ను నొక్కేవారు. పక్కన డబ్బా పట్టుకుని తను నిలబడేవారు. ఎందుకు లేపుతున్నారో అడగలేదు. ఆయనా చెప్పలేదు.

విప్పడం ఒక చదువు

పని మొదలైంది. మేస్త్రి ముందు చేసింది తెల్లరంగు తెచ్చి ప్రతి ముక్కకీ గుర్తులు పెట్టడం. ఎడమదానికి ఒక చుక్క, కుడిదానికి రెండు. టార్షన్ బార్లు చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి ఒకటి ఒక దిక్కుకి, రెండోది ఇంకో దిక్కుకి మెలి తిరిగి అలవాటు పడిపోయాయి. తారుమారు చేస్తే అలవాటుకు ఎదురు తిరగాలి. విరిగినా విరుగుతాయి.

ఇక ఆ కడ్డీని విప్పడం. బండి ఆగి ఉన్నా సరే, దానిలో మెలి బిగబట్టే ఉంటుంది. తెలియనివాడు తొందరపడి బోల్టు విప్పితే కిందచెయ్యి గొడ్డలిలా విసురుకొస్తుంది. మేస్త్రి కిందచేతికి జాకీ ఆనించి, పైన విప్పి, జాకీని వేలెడు వేలెడు దించారు. హెల్పరు కుర్రాడు ముఖం దగ్గరగా పెట్టి చూస్తుంటే ‘‘ఎనక్కి రారా, అది నిద్రపోయిందాకా దగ్గరికెళ్లకు’’ అని గదిమారు.

విప్పిన ముక్కలన్నీ కిరసనాయిల్లో కడిగి పాత పేపరు మీద వరసగా పేర్చారు. ఎడమ ట్రనియన్‌లో మర అనేది ఉన్నట్టు గుర్తు మాత్రమే మిగిలింది. లోపల వేలు పెడితే నున్నగా జారింది. కుడిదీ సగం పోయింది. రబ్బరు బుష్‌లు ఎండిన చింతతొక్కల్లా ఉన్నాయి. ఎడమ షాకబ్జర్‌లో నూనె చుక్క లేదు.

కుడి టార్షన్ బారు మీద మేస్త్రి గోరుతో రాస్తూ రాస్తూ ఒకచోట ఆగారు. ఎప్పుడో ఎవరో ఉలి జారవిడిచినట్టున్నారు, వెంట్రుకంత గాటు. ‘‘ఇది పనికిరాదండి’’ అన్నారు. అంత చిన్న గాటా అని మాస్టారి అనుమానం. మెలి తిరిగే కడ్డీకి ఒత్తిడంతా పైపొరలోనే ఉంటుంది. గాటు ఉన్నచోట అది పోగుపడుతుంది. ఒక్కో గొయ్యికీ ఒక్కో మెలి. గాటు పగులవుతుంది, పగులు ఒకరోజు తెగిపోతుంది. లెక్కల మాస్టారు కదా, ఈ లెక్క ఆయనకి వెంటనే ఎక్కింది. పైపొర మీద ఎక్కువ, నడిమధ్యలో సున్నా!

‘‘లేత్ మీద కోయించొచ్చా?’’ అని అడిగారు ట్రనియన్ చూపించి. మేస్త్రి తల అడ్డంగా ఊపారు. ‘‘బుష్ అరిగితే లేత్ మీద చేయించుకుంటాను. బ్రాకెట్టు కావాలంటే వెల్డింగు చేయించుకుంటాను. మనిషి ప్రాణం వేలాడే ముక్కని మాత్రం చేయించనండి. దాని ఉక్కేంటో, దానికి కాక ఎంత పెట్టారో నాకు తెలీదు. తెలీనిదాన్ని బాగు చేశానని ఎట్టా చెప్పను?’’

మన మెకానిక్కులు దేన్నైనా ఎలాగోలా నడిపించేస్తారని గొప్పగా చెప్పుకుంటాం. ఎక్కడ నడిపించకూడదో తెలియడం అంతకన్నా పెద్దపని అని మాస్టారికి ఆ షెడ్డులో తెలిసింది. అదృష్టవశాత్తూ మైనర్‌కి ఇంగ్లండులో ఇప్పటికీ విడిభాగాలు కొత్తవి తయారవుతున్నాయి. ట్రనియన్లు, పిన్నులు, బుష్‌లు, ఒక టార్షన్ బారు తెప్పించారు. ఎడమచక్రం పిన్నుకి ఒక దిక్కు మర, కుడిచక్రానికి ఇంకో దిక్కు. ఆర్డరు పెట్టేటప్పుడు మాస్టారు ఆ వరస మూడుసార్లు సరిచూసుకున్నారు.

‘‘దానికి లండన్ నుంచి కొత్త మోకాళ్లొస్తున్నాయి. నాకు కనీసం రాజమండ్రిలో డాక్టరు అపాయింట్‌మెంటైనా తీసుకోండి’’ అన్నారు భార్య ఫోనులో. ఆ వారమే తీసుకున్నారు.

పాతదిగా ఉంచాలా, పదిలంగా ఉంచాలా?

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. ఎటూ విప్పారు కాబట్టి ముందుభాగం మొత్తాన్నీ కొత్తకారులా మార్చెయ్యమంది కూతురు. డిస్క్ బ్రేకులు, నిలువు షాకబ్జర్లు, రేడియల్ టైర్లు. కంప్యూటరులో వెతికి పెద్ద జాబితాయే పంపింది. ‘‘అవి లేకుండా పిల్లాణ్ని ఎక్కించను’’ అని ఖండితంగా చెప్పేసింది.

మాస్టారి బాధ వేరు. అన్నీ మార్చేశాక అది నాన్నగారి బండి ఎలా అవుతుంది? పైగా చట్టం కూడా ఒకటుంది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో పాతబండ్లకి ప్రత్యేకంగా చోటిచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు జరగని సొంతబండ్లని ‘వింటేజ్’గా రిజిస్టరు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషనుకి రుసుము 20 వేలు, గడువు 10 ఏళ్లు. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలుంటాయి. ఇదివరకే నంబరున్నవాళ్లు పాత నంబరే ఉంచుకోవచ్చు. అలా రిజిస్టరైన బండిని ప్రదర్శనలకీ ర్యాలీలకీ మరమ్మతులకీ తిప్పుకోవచ్చు గానీ, రోజువారీ పనులకి వాడకూడదు. ఛాసిస్‌కి కోతపెడితే ఆ దారి మూసుకుపోతుందేమోనని మాస్టారి భయం.

తండ్రీ కూతుళ్ల మధ్య ఫోన్లు నడిచాయి. కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. మేస్త్రి ఇద్దరి మాటా విన్నారు. స్పీకరులో కూతురితో ‘‘అమ్మా, నేనొక షరతు చెప్తాను. దానికి ఒప్పుకుంటే నువ్వడిగినవి చాలావరకు చేస్తాను’’ అన్నారు. షరతు ఇదీ: ఛాసిస్‌కి కొత్తగా ఒక్క బెజ్జం పెట్టకూడదు. ఎక్కడా కొయ్యకూడదు. ఏది మార్చినా పాత బోల్టులకే బిగించాలి. తీసేసిన ప్రతి ముక్కనీ గ్రీజు పూసి దాచాలి. రేపెవరైనా మళ్లీ పాతదే కావాలనుకుంటే, ఒక్కరోజులో విప్పి పాతవి బిగించుకోగలగాలి.

అప్పుడు ఒక్కొక్కటీ తూకం వేశారు.

షాకబ్జర్లు: మైనర్‌లో ఉండేది పొడవాటి గొట్టం కాదు. ఒక ఇనప డబ్బా, దానిలో నూనె, బయటికొక చెయ్యి. ఆ చెయ్యే సస్పెన్షనుకి పైచెయ్యి కూడా. కాబట్టి దాన్ని పీకి పారేస్తే చక్రానికి పైన ఆధారమే ఉండదు. దాన్ని అలాగే ఉంచి, నూనె పోసి, పనిభారం తగ్గించడానికి పక్కన నిలువు షాకబ్జరు పెట్టారు. పై బ్రాకెట్టుని ఉన్న బోల్టుల కిందే ఇమిడ్చారు.

బ్రేకులు: డిస్క్‌లు పెడితే పెడలు ఇంకా గట్టిగా తొక్కాలి. డ్రమ్ములో లైనరు చక్రంతోపాటే లాక్కుపోయి తనంత తను బిగుసుకుంటుంది, డిస్క్‌కి ఆ గుణం లేదు. మాస్టారి మోకాలికి అది భారం. సాయానికి సర్వో పెట్టాలంటే పైపులన్నీ కదిలించాలి. కంపెనీయే 1962లో పెద్ద ఇంజనుతో పాటు మైనర్ ముందుచక్రాలకి 8 అంగుళాల డ్రమ్ములిచ్చింది. అంతకు ముందువి 7 అంగుళాలవి. ఆ పెద్ద డ్రమ్ముల సెట్టు తెప్పించి బిగించారు. కొత్త సామానే, కానీ ఇంటిపేరు అదే.

బుష్‌లు: గట్టి ప్లాస్టిక్‌వి వద్దన్నారు మేస్త్రి. స్టీరింగు చురుగ్గా ఉంటుంది గానీ మన రోడ్ల కుదుపు నేరుగా నడుముకొస్తుంది. రబ్బరువే వేశారు. టైర్లు మాత్రం రేడియల్‌వి. ముందుసీట్లకి బెల్టులు. కూతురు బెల్టుల గురించి రెండుసార్లు అడిగింది. ఫొటో పంపాక మూడోసారి అడగలేదు.

బియ్యం బస్తాలూ నూలుదారమూ

బిగించేటప్పుడు ఒక చిత్రం జరిగింది. బోల్టులన్నీ ఎక్కించాక మేస్త్రి చివరి బిగింపు బిగించలేదు. బండిని నేలమీదకి దించి, కిరాణాకొట్టు నుంచి పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు తెప్పించి సీట్ల మీద వేయించారు. ముందుభాగాన్ని నాలుగుసార్లు నొక్కి ఊపారు. అప్పుడు కిందకి దూరి పెద్ద పానాతో బిగించారు. ఎందుకంటే చక్రాలు వేలాడుతున్నప్పుడే బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టేస్తుంది. బండి దిగగానే మెలిపడిపోతుంది. అలా రోజంతా మెలిపడి ఉన్న రబ్బరు ఆర్నెల్లలో చిరుగుతుంది. మనుషులు కూర్చున్నప్పుడు బండి ఏ ఎత్తులో ఉంటుందో ఆ ఎత్తులోనే బిగించాలి. సాయంత్రం బస్తాలు కొట్టుకి తిరిగెళ్లాయి.

ఇక చక్రాల వరస. మైనర్‌కి ముందుచక్రాలు ముక్కుల దగ్గర ఒక్క పిసరు లోపలికి చూస్తుండాలి. ఎంత? అంగుళంలో 32 వంతులకి 3 వంతులు. రెండున్నర మిల్లీమీటర్ల కన్నా తక్కువ. బయట కంప్యూటరు యంత్రాలున్నాయి, వాటిలో ఈ కారు పేరు లేదు. మేస్త్రి బండికి రెండువైపులా నూలుదారం లాగి కట్టారు. టైరు మీద సుద్దతో గుర్తుపెట్టి ముందు కొలిచారు. బండిని ముందుకు తోసి, చక్రం సరిగ్గా అర చుట్టు తిరిగాక అదే గుర్తు దగ్గర వెనక కొలిచారు. చక్రం రేకులో చిన్న వంకర ఉన్నా రెండు కొలతల్లోనూ అదే వంకర వస్తుంది కాబట్టి తీసివేతలో పోతుంది. మాస్టారికి ముఖం వెలిగిపోయింది. ముప్పయ్యేళ్లు బోర్డు మీద చెప్పిన పాఠం, ఎక్కడైనా ఇలా పనిచేస్తుందని ఆయన పిల్లలకెప్పుడూ చూపించలేకపోయారు. ‘‘ఇది మీకెవరు చెప్పారు మేస్త్రిగారూ?’’ అంటే ‘‘మా గురువు. ఆయనకి సంతకం కూడా రాదండి’’ అన్నారు.

మూడు రోజులు నిలబెట్టాక ఎత్తు మళ్లీ కొలిచారు. కొత్త బారు కాస్త సర్దుకుని కుడివైపు అరంగుళం దిగింది. మళ్లీ విప్పి, వెనక కొస సరిచేసి, బిగించారు. మొత్తం పనికి నాలుగు నెలలు. అందులో రెండున్నర నెలలు పార్శిళ్ల కోసం చూడడమే.

మిగిలిన ముక్కలు

తీసేసిన ముక్కలన్నీ ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి. 7 అంగుళాల డ్రమ్ములు, గాటుపడిన టార్షన్ బారు, నున్నబడిన ట్రనియన్. పెట్టె మూత లోపల మాస్టారు తన గుండ్రటి దస్తూరీలో ఏది ఎక్కడిదో, ఏ తేదీన ఎందుకు తీశారో రాసి అంటించారు. బండిని చట్టప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించే కాగితాలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి.

మేస్త్రి దగ్గర పనిచేసిన కుర్రాడు ఈ నాలుగు నెలల్లో ఒక నోటుబుక్కు నింపాడు. మాస్టారే కొనిచ్చారు. ఏ బోల్టు ముందు, ఏది తర్వాత, జాకీ ఎక్కడ ఆనించాలి, బొమ్మలతో సహా. మేస్త్రికి అది మొదట నచ్చలేదు. ‘‘చేత్తో నేర్చుకోవాలి గానీ పుస్తకంతోనా?’’ అన్నారు. మాస్టారు ఒకటే అడిగారు: ‘‘మా నాన్నగారు జాకీ ఎందుకు పెట్టేవారో ఒక్క ముక్క రాసిపెట్టి ఉంటే మీ దగ్గరికి నేను రావాల్సి వచ్చేదా?’’ మేస్త్రి ఏమీ అనలేదు. సాయంత్రం మాత్రం కుర్రాణ్ని పిలిచి, ‘‘మర దిక్కు రాశావా? అది రాయకపోతే మిగతాదంతా దండగ’’ అన్నారట.

వేసవి సెలవులకి కూతురు వచ్చింది. బండి ఎక్కలేదు. ముందు గోనెపట్టా అడిగింది. దానిమీద పడుకుని, టార్చిలైటు పట్టుకుని, ఒక్కో బోల్టూ చూపించమంది. మాస్టారు మోకాలు వంగక పక్కన కుర్చీలో కూర్చుని చెబుతుంటే అరగంట చూసింది. ఎక్కడెక్కడ గ్రీజు నిప్పిల్లున్నాయో లెక్కపెట్టుకుంది. వెయ్యి కిలోమీటర్లకోసారి, తిరక్కపోయినా మూడు నెలలకోసారి అని మేస్త్రి చెప్పిన గడువుని తన ఫోనులో పెట్టుకుంది. లేచి చేతులు తుడుచుకుని, ‘‘ధవళేశ్వరం దాకా వెళ్దాం. నలభై దాటకు’’ అంది. పిల్లాణ్ని వెనకసీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుంది. మాస్టారు నలభై దాటలేదు.